నలుసు దాచిన గచ్చకాయలు

ఒకప్పుడు మన పుడమి ఇంత పెద్దది కాదు. పిడికెడంత రాయి. సూర్యుడూ అప్పుడే కళ్లు తెరిచిన పసివాడు. ఆయన చుట్టూ ఎటు చూసినా దుమ్మే, పొగమంచులా మెత్తగా తిరిగే దుమ్ము.

పుడమికి నలుసు అని ఓ చెల్లెలు. వేడికి కరిగిన దుమ్ము చుక్కలు చల్లారి గుండ్రటి పూసలయ్యేవి. వాటితోనే అక్కాచెల్లెళ్లు గచ్చకాయలాడేవాళ్లు. ఎంత బాగుండేవో ఆ రోజులు!

ఓసారి ఆట మధ్యలో పక్క రాళ్లు పుడమిని పిలిచాయి. "రావే, అందరం కలిసి పెద్ద ముద్దవుదాం!"

"నా వంతు అలాగే ఉంచవే నలుసూ, ఇప్పుడే వస్తా" అని వెళ్లింది పుడమి. "ఉంచుతాలే అక్కా" అంది నలుసు.

మళ్లీ రాలేదు. రాళ్లన్నీ వచ్చి గుద్దుకుని గుద్దుకుని పుడమి ఒళ్లు కాగి కరిగిపోయింది. ఇనుమంతా కడుపులోకి దిగింది. పూసలూ కరిగాయి, వాటితోపాటే చిన్ననాటి జ్ఞాపకాలూ.

నలుసూ తోటి రాళ్లతో కలుద్దామనుకుంది. కానీ పక్కనే గ్రహాలన్నిటిలోకీ పెద్దవాడు, గురుడు మామ. ఎంత భారీ మనిషంటే, ఆయన కదిలితే రాళ్లన్నీ చెల్లాచెదురే!

"ఇంకా ఆ పూసలెందుకే? మీ అక్క సముద్రాలు చుట్టుకుని మహారాణి అయింది. నిన్ను గుర్తుపడుతుందా?" అని నవ్వాడు.

నలుసుకి ఏడుపొచ్చింది. "గుర్తుపట్టకపోతే పోనీ. వంతు ఉంచుతానన్నాగా! నన్ను అక్క వైపు తోసెయ్ మామా."

గురుడు భుజంతో ఒక్క తోపు తోశాడు.

పుడమి గడపలో గాలి అడ్డమొచ్చింది. "అంత విసురుగా వస్తే కాలిపోతావే పిల్లా!"

"పైది కాల్చుకో. లోపలిది మా అక్కది."

భగ్గుమంది మంట. ఒళ్లు పొరలు పొరలుగా రాలుతున్నా నలుసు పూసల్ని పొదువుకునే ఉంది. దబ్బున ఇసుకలో పడింది.

"ఎవరే నువ్వు, మసిమొహం దానా?" అంది పుడమి.

నలుసు ఫట్‌మని చిట్లింది. లోపల పూసలు, ఆనాటివి ఆనాటిలాగే!

పుడమి ఆ పూసల్ని ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత మెల్లగా అంది: "ఒసే... నా వంతు కదూ?"

"నీదే అక్కా."

"ఎగరెయ్యడం మర్చిపోయానే. పట్టుకోవడమే వచ్చు."

"పట్టుకో చాలు. పైనున్న మనవాళ్లు విసురుతార్లే!"

అప్పటినుంచే నింగి నుంచి రాళ్లు రాలుతున్నాయి. పైన మసిలా నల్లగా ఉంటాయి. పగిలితే చాలావాటి లోపల చిన్న చిన్న పూసలు కనిపిస్తాయి, మన పుడమి చిన్నప్పుడు ఆడుకున్నవి.