దించుకోగలిగిన తెరచాప

అనగనగా ఒక మడ అడవిలో, నది వెళ్ళి సముద్రంలో కలిసేచోట, నీటికుక్కల జంట ఒకటి కాపురముండేది. మొగుడి పేరు కొండబాబు, పెళ్ళాం పేరు నూకాలు. వాళ్ళకి ముగ్గురు పిల్లలు.

ఆ ఏడాది నదిపాయలో చేపలు కరువైపోయాయి. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవారు. సముద్రంలో కాస్త దూరాన ఒక దీవి ఉంది. అక్కడ చేపలకి కొదవ లేదు. వానగాలులు ముదరకముందే అక్కడికి చేరాలి. లేకపోతే ఆ పసివాళ్ళు బతకరు.

నీటికుక్కలకి పడవెందుకు, ఈదుకుంటూ పోవచ్చుగా అంటారు మీరు. మీ తెలివి నాకు తెలుసు! పుట్టగానే ఈదే నీటికుక్క ఎక్కడా లేదు. అమ్మ నేర్పితేనే వాటికి ఈత వస్తుంది. ఈ పిల్లలకి ఇంకా రాలేదు.

ఆ అడవిలో వీరాసామి అనే ముసలి బావురుపిల్లి పడవలు కట్టేవాడు. అతని దగ్గర రెండు తెరచాప పడవలున్నాయి. ఒకటి కుర్రతనంలో కట్టినది. చిన్నది, నల్లబడిపోయింది, తెరచాప నిండా అతుకులే. రెండోది మొన్నమొన్న కట్టినది. దానికి రెండింతల పొడవు, పైన గది, నిగనిగలాడే రంగు.

"ఏది కావాలంటే అది తీసుకెళ్ళండి. నాకేం ఇవ్వక్కర్లేదు. ఒడ్డున ఊరికే పడున్న పడవని చూస్తే నాకు మనసాగదు" అన్నాడు వీరాసామి.

"రెండిట్లో ఏది మంచిది తాతా?" అని అడిగాడు కొండబాబు.

"కన్నతండ్రిని పట్టుకుని ఏ బిడ్డ మంచిదని అడుగుతావేంట్రా? వెళ్ళి చూస్కోండి!" అని కసిరాడు ముసలాయన.

ఈ మాట అడవంతా పాకింది. రెండిటిని పోల్చి చూడాలంటే చాలు, అందరూ పెద్దమనుషులైపోతారు. ఒడ్డు నిండిపోయింది.

ముందుగా గూడబాతు రెండు పడవల్లోకీ దూరి వచ్చింది. "చిన్నదాంట్లో తోక చాపితే పక్కోడి మూతికి తగుల్తాది. పెద్దదాంట్లో పెళ్ళి చేసేయొచ్చండీ!" అంది.

తర్వాత పీత పక్కవాటుగా నడుస్తూ పొడవు కొలిచింది. "పెద్దదాని కొస చేరేసరికి నా కాళ్ళు పీకేశాయండోయ్!" అంది.

ఇక చివరగా కోతుల గుంపు వంతు. గుంపు గుంపంతా తాడు పట్టుకుని "హైలెస్సా!" అంటూ లాగింది. పెద్ద తెరచాప లేచి గాలికి బొర్రలా ఉబ్బింది. ఒడ్డంతా చప్పట్లు, ఈలలు. కొండబాబు ఛాతీ కూడా దాంతోపాటే ఉబ్బింది.

"ఇంకేం ఆలోచిస్తావే నూకాలూ? వెళ్తే ఇలాంటి దాంట్లోనే వెళ్ళాలి!" అన్నాడు.

"బాగానే ఉంది. ఎత్తడం చూశాం. ఇప్పుడు దించి చూద్దాం" అంది నూకాలు.

అందరూ పకపకా నవ్వారు.

"దించడంలో చూసేదేముందే, పిచ్చిమొహమా?" అన్నాడు కొండబాబు.

"నువ్వూ నేనూ మాత్రమే దించాలయ్యా. ఇంకెవరూ చెయ్యెయ్యొద్దు. రేపు సముద్రం మీద ఈ కోతి బావలు మన వెంట ఉండరుగా?"

నవ్వులు తగ్గాయి. ఇద్దరూ తాడు పట్టుకుని ముడి విప్పారు. అంతే! తెరచాపని మోసే అడ్డకర్ర బరువుకి తాడు సర్రున జారి ఇద్దరినీ గాల్లోకి లేపింది. సగం దిగిన తెరచాప మెలికపడి ఇరుక్కుపోయింది. ఎంత గుంజినా రాదే! చివరికి కోతులే వచ్చి దించాయి.

కొండబాబుకి తల కొట్టేసినట్టయింది. అయినా పంతం వదల్లేదు. "నాలుగు రోజులు నడిపితే అదే అలవాటవుద్ది" అన్నాడు.

"నీకు అలవాటయ్యేదాకా గాలి ఆగుద్దా?" అంది నూకాలు.

ఆమె గట్టిగా అరవలేదు. ముగ్గురు పిల్లల్నీ తీసుకెళ్ళి చిన్న పడవలో కూర్చోబెట్టింది. కొండబాబు పెద్ద పడవ వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. వచ్చి చుక్కాని పట్టుకున్నాడు. ఒడ్డున గూడబాతు "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది.

సగం దారిలో ఆకాశం నల్లబడింది. ఒక్కసారిగా గాలి విరుచుకుపడింది. పడవ పక్కకి ఒరిగింది, నీళ్ళు లోపలికొచ్చాయి, పిల్లలు అమ్మా అని కేకపెట్టారు.

"తెరచాప!" అని అరిచాడు కొండబాబు.

అతని మాట పూర్తికాకముందే నూకాలు తెరచాప కొయ్య దగ్గరుంది. ముడి లాగింది. ఆ అతుకుల తెరచాప గబగబా జారి ఆమె చేతుల్లో పడింది. పడవ నిటారుగా లేచింది. కొండబాబు నీళ్ళు తోడాడు. నూకాలు ఒక చేత్తో పిల్లల్ని, ఒక చేత్తో చుక్కానిని పట్టుకుంది. గాలి తన కోపమంతా తీర్చుకుని వెళ్ళిపోయింది. అప్పుడు తెరచాప మళ్ళీ ఎత్తుకుని, చీకటి పడకముందే దీవి చేరారు. ఆ పూట పిల్లలు కడుపునిండా తిని పడుకున్నారు.

కొన్నాళ్ళకి కోతులు కూడా దీవికి బయలుదేరాయి, పెద్ద పడవలోనే. సరిగ్గా అలాంటి గాలే వీచింది. దీవి ఒడ్డున నిలబడి కొండబాబూ నూకాలూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కోతులన్నీ తాళ్ళ దగ్గరికి ఉరికాయి. ఒకటి కేకవేస్తే మిగతావి లాగాయి. పెద్ద తెరచాప చాప చుట్టినట్టు దిగింది.

"అబ్బ! ఎంత గొప్ప పడవ!" అన్నాడు కొండబాబు.

నూకాలు అతనివైపు తిరిగి చూసింది.

"వాళ్ళకి" అన్నాడు కొండబాబు.

నీతి: ఏది గొప్పదని అడిగే ముందు, అది మన చేతుల్లో అదుపులో ఉంటుందా అని అడగాలి.