మూలిగే ఇప్పమోడు

చలికాలం వచ్చిందంటే ఆ లోయలోకి పొగమంచు దిగి, పొద్దెక్కేదాకా కదిలేది కాదు. లోయ మధ్యలో ఎండిపోయిన ఇప్పమోడు ఒకటుంది. కొన్ని పొద్దుల్లో అది మూలిగేది. మూలిగిన ప్రతిరోజూ లోయలోని జంతువుల్లో ఎవరో ఒకరు మాయం. నేల మీద నెత్తుటి చుక్క ఉండదు, ఊడిన వెంట్రుక ఉండదు.

"మోడుకి ఆకలి," అని నక్క తేల్చేసింది. "మీరే ఒకర్ని పంపితే ఒకరితో పోతుంది. మూలుగు వినబడగానే మిగతావాళ్ళు బొరియల్లో దూరి కళ్ళు మూసుకోండి. మోడు దగ్గర మంత్రం నేను చదువుతాను."

పోయినవారం ఎవర్నీ పంపకుండా చూశారు. ఇద్దరు పోయారు. ఇక నక్క మాటకి తిరుగు లేకపోయింది. రేపటి వంతు పిందెది. పిందె, కుందేలు దూదికి ఒక్కగానొక్క చెల్లెలు.

దూది, లోయకి పెద్దయిన ముసలి తాబేలు దగ్గరికి పరిగెత్తింది. "తాతా, మోడు మూలుగుతోంది, మనవాళ్ళు పోతున్నారు. రెండూ కలిసి జరిగినంత మాత్రాన మోడే తింటోందని ఎలా చెప్పడం?"

"పంపకపోతే ఇద్దరు పోయారు కదే."

"పంపడం ఒక్కటే మార్చి చూశాం. మార్చి చూడనిది ఇంకొకటుంది." దూది వాగు వైపు చూసింది. అక్కడ నక్క తీరిగ్గా ముందుకాళ్ళు కడుక్కుంటోంది. "అంత శుభ్రం పాటించే నక్కని ఎక్కడైనా చూశావా?"

తాబేలు మెడ సగం లోపలికి పోయింది. "అది నీ ఊహ."

"ఊహే. అందుకే పరీక్షకి పెడదాం. మంచు ఉండాలి, మోడు మూలగాలి, పిందె అక్కడే నిలబడాలి. నక్క మాత్రం అక్కడ ఉండకూడదు."

"ఊహ తప్పయితే?"

"పిందె పోతుంది," అంది దూది.

మర్నాడు తాబేలు నక్కని అందరి మధ్యా బండ మీద కూర్చోబెట్టింది. చెరోవైపు ఒక అడవిపంది.

"నేను మోడు దగ్గర ఉండాలి," అని నక్క గునిసింది.

"ఇక్కణ్ణుంచే చదువు నాయనా. వినేవాళ్ళకి వినబడుతుంది."

పిందె మంచులోకి నడిచి కనబడకుండా పోయింది. మోడు మూలిగింది. ఈసారి ఎవరూ కళ్ళు మూసుకోలేదు. మళ్ళీ మూలిగింది, ఇంకా గట్టిగా. మూలుగు విన్నప్పుడల్లా నక్క నోటి నుంచి చొంగ బండ మీద పడుతోంది. నక్కకి ఆ సంగతే తెలియలేదు. చూస్తున్నవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే దూరం జరిగారు.

మంచు విడింది. పిందె గడ్డి నములుతూ వచ్చింది. "అక్కా, మోడుకి నిలువునా తొర్ర ఉందే. గాలి వీస్తే మూలుగుతోంది, అంతే."

"ఈ ఒక్కరోజూ మోడు వదిలేసిందేమో," అని నక్క గొణిగింది.

"అయితే చలికాలమంతా ఇక్కడే కూర్చో మామా," అంది దూది. "రోజూ చూద్దాం."

నక్క లేచి పరిగెత్తింది. అడవిపందులు లోయ దాటేదాకా తరిమాయి. మోడు ఇప్పటికీ మూలుగుతూనే ఉంది. ఎవరూ మాయం కావడం లేదు.

నీతి: అసలు కారణం తేలాలంటే అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒక్కదాన్ని మార్చి, కళ్ళు తెరుచుకుని చూడాలి.