పొరుగు రాజ్యపు మందు

శంభుదేవయ్య గారిని సందేహం అడిగితే శ్లోకం చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. అడిగినవాడు మంత్రి అయినా సరే. ఆ సంగతి తెలిసే మాచన మంత్రి తన పాత గురువు దగ్గరకు వచ్చాడు.

"పొరుగు రాజ్యం వాళ్లు విషజ్వరానికి మందు కనిపెట్టారు స్వామీ. మనం కబురు పెట్టకముందే వైద్యుల్ని పంపారు. నా కూతురు బతికిందంటే ఆ మందు చలవే. వానలు తగ్గేదాకా ఇంకా తాగాలట. ఇప్పుడు వాళ్ల రాయబారి వచ్చి, సరిహద్దు కొండల్లోని కనుమదారి కాపలా బరువు మీకెందుకు, మేం చూసుకుంటాం అంటున్నాడు. రాజుగారు నా సలహా అడిగారు. విద్య పంచినవాణ్ణి శంకించడం పాపం కాదా?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు అడక్కుండానే పెట్టారు. మాచనకు గొంతులో ముల్లు అదే. అది గుచ్చుకున్నప్పుడల్లా కూతురి ముఖం గుర్తొచ్చి, ప్రాణం పోసినవాళ్లను అనుమానించేంత నీచుణ్ణా అని తనమీద తనకే రోత పుడుతోంది.

గురువుగారు పాపపుణ్యాల జోలికి పోలేదు. "ఆ మందు కాచడం మన వైద్యులకు నేర్పమని మీ ఇంటికొచ్చే వాళ్ల వైద్యుణ్ణి అడుగు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు వచ్చి చెప్పు" అన్నారు.

మర్నాడు సాయంత్రానికల్లా మాచన తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఎంత మంచివాడు స్వామీ! కోపగించుకుంటాడేమో అని భయపడ్డాను. అమ్మాయి నాడి చూస్తూ, నవ్వుతూ, ఆ శ్రమ మీకెందుకు, మేం లేమూ అన్నాడు."

ఆ మెచ్చుకోలు మాచన చెవికే కాస్త ఎక్కువగా వినిపించింది.

అంతలో పక్కింటి కొత్త కోడలు గిన్నె పట్టుకుని తోడుకు వచ్చింది. గురువుగారి భార్య అందులో చెంచాడు పెరుగు వేసి, "రోజూ ఈ తిరుగుడు దేనికే తల్లీ? పొద్దున పెరుగు వాడుకునే ముందే చెంచాడు తీసి పక్కన పెట్టుకో. ఇక తోడుకని ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు" అంది. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది.

మాచన ఆ అమ్మాయి వెళ్లిన వైపే చూస్తూ కూర్చున్నాడు. రాయబారి మాటా వైద్యుడి మాటా ఒక నోటినుంచే వచ్చినట్టు తోచింది. అయినా తండ్రి మనసు ఒప్పుకోలేదు.

"నా బిడ్డ బతికిన మాట అబద్ధం కాదు కదా స్వామీ" అన్నాడు. "రేపు మనం కనుమ ఇవ్వం అన్నామని వాళ్లు మందు ఆపేస్తే నా బిడ్డ గతేమిటి?"

"ఆపేస్తామని ఎవరైనా అన్నారా?"

మాచన ఇద్దరి మాటలూ గుర్తు చేసుకున్నాడు. రాయబారి అనలేదు. వైద్యుడూ అనలేదు. అందరూ నవ్వుతూనే మాట్లాడారు.

"ఎవరూ అనలేదు" అన్నాడు మెల్లగా.

గురువుగారు లేచి ఉత్తరీయం దులుపుకున్నారు.

"బిడ్డకు మందు మాన్పించకు నాయనా. ఒక్కటి మాత్రం గుర్తు తెచ్చుకో. మేం లేమూ అన్నప్పుడు వైద్యుడి చెయ్యి అమ్మాయి నాడి మీద ఉందన్నావు. సరే. చూపు ఎవరి ముఖం మీద ఉంది?"