మాడుచెక్కలు తిన్న దళపతి

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజున్నాడు గానీ ఉలకడు, పలకడు. ఎందుకంటారా? రాయైపోయాడు మరి! కాలధూముడనే మాంత్రికుడు వచ్చి, రాకుమారి చిత్రవల్లిని తనకిచ్చి పెళ్లి చేయమన్నాడు. కుదరదన్నాడు రాజు. అంతే, సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే శిలైపోయాడు.

"పున్నమిలోగా నన్ను చంపితే మీ రాజు లేస్తాడు. లేకపోతే రాజ్యమూ నాదే, పిల్లా నాదే!" అని నవ్వి మాయమయ్యాడు మాంత్రికుడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, ఒక బురుజులోని చిలకలో ఉందని అందరూ ఎరుగుదురు. వెళ్లేవాడే లేడు.

ఆ రాజ్యానికి మైలారుడని ఒక దళపతి. తల్లీతండ్రీ లేనివాణ్ణి సైన్యానికి వండిపెట్టే బసవమ్మ సాకింది. అతనికొక పట్టుంది. ముందు గుర్రాలు తినాలి, తర్వాత భటులు తినాలి, ఆ తర్వాతే తను. అప్పటికి గుండిగలో ఏముంటుంది? అడుగంటిన మాడుచెక్కలే! అవే కరకరా నమిలి, "నీ చేతి చలవ, అవ్వా! కడుపు నిండింది" అని దండం పెట్టేవాడు. కడుపు నిండేది కాదనుకోండి, దండం మాత్రం నిజం.

"దళపతీ, మా నాన్నగారిని మళ్లీ నాతో మాట్లాడించగలరా?" అంది చిత్రవల్లి కన్నీళ్లతో.

"ఆయన ఉప్పు తిన్నవాణ్ణి, రాకుమారీ. వెళ్లొస్తాను."

బసవమ్మ మూడు మాడుచెక్కలు మూటగట్టి ఇచ్చింది. "నువ్వే తిను నాయనా. దోవలో ఎవరికీ పెట్టకు. నీ సంగతి నాకు తెలుసు!"

"అలాగే అవ్వా" అన్నాడు. అన్నాడే గానీ, ఆగితేగా!

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు నీరసంగా పడి ఉంది. "అయ్యా, తిని మూడు రోజులైంది" అంది. ఒక చెక్క పెట్టాడు. అది తిని, అతన్ని వీపునెక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

బురుజుకు తలుపూ లేదు, కిటికీ లేదు. గోడ పక్కన చిట్టెలుక ఒకటి, "అయ్యా, పిల్లలు పస్తులున్నారు" అంది. రెండో చెక్క పెట్టాడు. ఎలుకలన్నీ కలిసి గోడ కింద సొరంగం తవ్వాయి. అంతెత్తు దళపతి ఆ బొరియలో బోర్లా పాకుతుంటే మీరు చూడాలి!

లోపల పంజరంలో చిలక ఉంది. కత్తి దూశాడు మైలారుడు. చిలక ముక్కు బిగించుకుని, కళ్లు మూసుకుంది. ఒళ్లంతా ఎముకలే. అతని చెయ్యి ఆగిపోయింది. తను మాత్రం ఏడు రోజులుగా ఏం తిన్నాడు గనక? అయినా ఆ నోటికి వచ్చింది ఒక్కటే మాట.

"ఏమ్మా, తిన్నావా?"

ఆ పంజరంలో పడ్డ పన్నెండేళ్లలో చిలకను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అతను చివరి చెక్క చిదిపి చూపించాడు. చిలక నోరు తెరిచింది. నాలుక కింద దాచిపెట్టిన ఎర్రటి గింజ టప్పున రాతిమీద పడింది. మాంత్రికుడి ప్రాణం అదే! అది జారుతుందనే వాడు చిలకకు తిండి పెట్టలేదు.

"వద్దు, తొక్కకు!" అని ఆకాశంలో కేక వినిపించింది. మైలారుడు మడమతో ఒక్క నులుము నులిమాడు. అక్కడ కాలధూముడు బూడిదయ్యాడు, ఇక్కడ రాజు, "అమ్మాయేదీ?" అంటూ లేచాడు.

మైలారుడు చిలకను భుజాన ఎక్కించుకుని తిరిగొచ్చాక రాజు అతని చేతులు పట్టుకున్నాడు. "నాకు కొడుకుల్లేరు. అమ్మాయి నిన్నే చేసుకుంటానంటోంది. రాజ్యం నువ్వే ఏలు."

"నాకు ఏలడం ఏం తెలుసు మహారాజా?"

"ఎవరు తినలేదో చూడటం తెలుసుగా. చాలు."

పెళ్లీ పట్టాభిషేకమూ ఒకేనాడు జరిగాయి. రాజు మొదటి ముద్ద తినడం అక్కడి ఆచారం. మైలారుడు ఒప్పుకుంటేనా! ఊళ్లకు ఊళ్లే తిన్నాయి. అతని వంతు వచ్చేసరికి గుండిగల్లో మాడు కూడా లేదు.

"అయ్యో నా తండ్రీ! పట్టాభిషేకం నాడు పస్తా?" అని బసవమ్మ గుండె బాదుకుంది.

అప్పుడొక ముసలి భటుడు ముందుకొచ్చి ఆకుపొట్లం విప్పాడు. "దొరా, మీకు మిగలదని తెలుసు. అందుకే మొదటి ముద్ద పక్కన పెట్టాను."

వెనకే మరొకడొచ్చాడు. "నేనూ పెట్టాను దొరా." ఆ వెనక ఇంకొకడు, ఆ వెనక రాజ్యమంతా. చిలక కూడా జామపండు తెచ్చింది. విస్తరి నిండింది, కొత్తరాజు కళ్లూ నిండాయి.

"అవ్వా, ఈసారి నిజంగానే కడుపు నిండింది" అన్నాడు, ఇంకా ముద్ద నోట పెట్టకుండానే.

మైలారుడూ చిత్రవల్లీ నూరేళ్లు చల్లగా ఏలారు. ఆ రాజు ఏ పూటా ముందు తినలేదు, ఏ పూటా పస్తుండలేదు. ఇక మీరూ లేవండి, అమ్మ తిన్నదో లేదో అడిగి రండి.