విశాఖ బస్సెక్కిన హాల్ టికెట్

బొబ్బిలిలో గవర్రాజు ఇంటివాళ్ళకి ఉన్నంత తెలివి ఇంకెవరికీ లేదు. ఈ సంగతి ఊళ్ళోవాళ్ళకి తెలీదు గానీ, గవర్రాజుకి బాగా తెలుసు. వానలో తడిసి పాడైపోతుందని గొడుగుని ఇంట్లోనే ఉంచి బయటికెళ్ళేంత ముందుచూపు ఆయనది. తమ్ముడు పైడిరాజు అన్నకేమీ తీసిపోడు. ఇక భార్య సత్తెమ్మ సరేసరి! గడియారం ముందుకెళ్తోందని ఎవరో అంటే, ఎక్కడికెళ్తుందో చూస్తానని తాడేసి మేకుకి కట్టేసింది.

అలాంటి ఇంట్లో ఎలా పుట్టిందో గానీ, కూతురు నీలవేణికి ఏ మాట చెప్పినా ఇట్టే అర్థమయ్యేది. "పాపం, పిల్లకి బుర్ర కాస్త మందం," అని గవర్రాజుకి లోలోపల బెంగ.

ఆ నీలవేణి నర్సు ఉద్యోగానికి పరీక్ష రాయడానికి విశాఖ వెళ్ళింది. తీరా చూసుకుంటే సంచిలో హాల్ టికెట్ లేదు. పొద్దున్నే ఇంటికి ఫోను చేసింది.

"నాన్నా, కొంప మునిగింది! మధ్యాహ్నమే పరీక్ష. హాల్ టికెట్ మనింట్లో కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేశాను గానీ, ప్రింటు తీసుకోవడం మర్చిపోయాను. మీరే ఎలాగైనా నాకు పంపించాలి."

"దానికంత కంగారెందుకమ్మా? మేం లేమూ?" అన్నాడు గవర్రాజు.

ఆ పిల్ల కంగారంతా అదే.

"సరే, నెట్ చూసే పేజీ తెరవండి. కుడిపక్క పై మూల మూడు చుక్కలుంటాయి. వాటిని నొక్కండి."

గవర్రాజు తలెత్తి చూశాడు. గదికి కుడిపక్క, పై మూల, చెమ్మకి పట్టిన మరకలు. సరిగ్గా మూడు! ఎక్కడో విశాఖలో కూర్చుని మనింటి గోడ చూసినట్టు చెబుతోందే అని మురిసిపోయాడు. ఇంకేముంది, పైడిరాజు నిచ్చెనెక్కి బలంకొద్దీ నొక్కాడు. అంతే, ఇంత పెచ్చు ఊడి సత్తెమ్మ పెట్టిన ఉప్మాలో పడింది.

"నొక్కామమ్మా. సున్నం వచ్చింది. టికెట్ రాలేదు."

"గోడ మీద కాదు నాన్నా! తెర మీద!"

"ఆ మాట ముందే చెప్పాలి కదే," అంటూ సత్తెమ్మ కిటికీ తెర దగ్గరికెళ్ళింది. దాని నిండా చుక్కలే. ఏ మూడో తెలీక ముగ్గురూ తలో పక్కా పట్టుకుని వరసగా నొక్కుకుంటూ పోయారు. అంతే, తెర కడ్డీతో సహా ఊడొచ్చి పైడిరాజు వీపు వాయగొట్టింది.

"టీవీలా ఉంటుందే, దాని మీద!" అని అరిచింది నీలవేణి.

ఈసారి చుక్కలు దొరికాయి. నొక్కితే ఏవేవో పేర్లు కిందికి దిగాయి.

"హిస్టరీ అంటోంది అన్నియ్యా!"

"అది కాదు బాబాయ్, డౌన్‌లోడ్స్..."

పైడిరాజు వేలు అప్పటికే హిస్టరీ మీద పడింది. ఇంట్లోవాళ్ళు నెట్‌లో వెతికినవన్నీ బయటపడ్డాయి. 'గురక పెట్టే మొగుడికి మందు.' 'వంట రాని వదినతో వేగడం ఎలా.'

"నేను గురక పెడతానా?" అన్నాడు గవర్రాజు.

"నాకు వంట రాదా?" అంది సత్తెమ్మ.

పైడిరాజు వాచిన చెంప పట్టుకున్నాడు, అంతే.

"అమ్మా, గొడవెందుకు? ఆ హిస్టరీ చెరిపేస్తే పోతుంది. హాల్ టికెట్‌కి ఏమీ కాదు," అని బతిమాలింది నీలవేణి.

చెరపడమంటే సత్తెమ్మ తరవాతే ఎవరైనా. తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. అంట్లు తోమే పీచు తెచ్చి రుద్దింది. తెరంతా గీతలు పడ్డాయి గానీ, గురక అలాగే ఉంది.

ఎలాగో చివరికి డౌన్‌లోడ్స్ తెరిచారు. గీతల వెనక నీలవేణి ఫొటోతో హాల్ టికెట్ కనిపించింది. గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి.

"వచ్చిందా? అమ్మయ్య! ఇంక ఆలస్యం చెయ్యకుండా పంపించెయ్యండి నాన్నా," అని నీలవేణి ఫోను పెట్టేసింది.

పంపించమన్నాక ఊరుకుంటారా? వైర్లు పీకి, తెరని తువ్వాల్లో మూటకట్టారు.

"కింద ఇంకో డబ్బా ఉంది, అది వద్దా అన్నియ్యా?"

"దాని మీద హాల్ టికెట్ ఉందిరా? ఉత్త బరువు. పిల్ల మోయలేదు."

పైడిరాజు పరుగున వెళ్ళి మూటని విశాఖ బస్సు డ్రైవరుకి అప్పగించి వచ్చాడు.

అక్కడ నీలవేణి ఫోను చూసీ చూసీ, ఏడుపు మొహంతో పరీక్ష ఆఫీసరు దగ్గరికెళ్ళింది. ఆయన మంచివాడు. ఆధార్ కార్డు చూసి, ఇంకో హాల్ టికెట్ తీసిచ్చాడు. పరీక్ష బాగా రాసింది. సాయంత్రం ఇంటికెళ్దామని బస్టాండుకొస్తే, బొబ్బిలి బస్సు డ్రైవరు గుర్తుపట్టి మూట చేతిలో పెట్టాడు. విప్పి చూసి ఇంటికి ఫోను చేసింది.

"నాన్నా, ఇదేంటి? ఇందులో ఏమీ లేదు కదా! పోనీలెండి, పరీక్ష..."

'ఏమీ లేదు' దగ్గరే గవర్రాజు గుండె జారిపోయింది. ఆ తరవాత మాట చెవికెక్కలేదు.

"ఒరే, మూట బస్సులో ఎలా పెట్టావురా?"

"బోర్లా, అన్నియ్యా."

"ఇంకేముంది! దారిలో జారిపోయుంటుంది!"

అంతే. అన్నదమ్ములిద్దరూ విశాఖ రోడ్డుకి చెరో పక్కా వంగి వెతుక్కుంటూ బయల్దేరారు. దుమ్ములో కలిసిపోయుంటే కనబడదని, వెనకాలే సత్తెమ్మ చీపురు పట్టుకుని రోడ్డు ఊడ్చుకుంటూ నడిచింది.