తుడవని పలకలు

పదకొండు రోజులుగా ఫిలేమోనుకు కంటిమీద కునుకు లేదు. పడుకుంటే పలకలు కనపడుతున్నాయి. లేస్తే ఆ పలకలు చదవాలి.

అది పలకల గనుల ఊరు. నేల తవ్వితే నల్లరాయి పొరలు పొరలుగా వస్తుంది. మగవాళ్లు గనిలో బండ లేపితే, ఆడవాళ్లు ఉలిపెట్టి పలకలుగా చీలుస్తారు. చీల్చేటప్పుడు విరిగిన ముక్కల్ని ఎవరూ కొనరు. ఆ ఊరి క్రైస్తవులు ఆ ముక్కల్నే ప్రార్థనకు వాడుకుంటారు. ఎవరికి ఏ కష్టమొచ్చినా ఒక విరుగు పలక మీద బలపంతో రాసి, ఆదివారం గుడిలో పాస్టరు బల్ల ముందు పెడతారు. పాస్టరు దాన్ని చదివి, ప్రార్థన చేసి, తడిగుడ్డతో తుడిచి గుమ్మం పక్కన పెడతాడు. ఇంకొకరికి అవసరమైతే ఆ పలకే తీసుకెళ్లి మళ్లీ రాసుకుంటారు.

సత్యానందం అయ్యగారు ముప్పై ఏళ్లు అలా తుడిచాడు. ఆయన తర్వాత, ఆయన దగ్గరే వాక్యం నేర్చుకున్న ఫిలేమోను వచ్చాడు. ఇతనూ రెండేళ్లు తుడిచాడు. మూడో ఏడు, ఒక తల్లి బిడ్డ జబ్బు గురించి రాసిన పలక చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. ఏడుస్తూ రాసినదాన్ని చిటికెలో ఎలా చెరిపేస్తాం? ఇంటికి తీసుకెళ్లి మంచం కింద పెట్టుకున్నాడు. తెల్లారకముందే లేచి దాన్ని చదివి మళ్లీ ప్రార్థించాడు.

ఊరు అది చూసింది. "పెద్దయ్యగారు తుడిచేసేవారు. మా ఫిలేమోను అయ్యగారు తుడవరు, గుండెల్లో పెట్టుకుంటారు" అన్నారు. ఆ మాట ఫిలేమోను చెవిన పడింది. తియ్యగా ఉంది. ముసలాయన గుండె రాయేమో అని కూడా అనిపించింది అతనికి.

మోస్తాననేవాడు దొరికితే జనం ఊరుకుంటారా? మూడు పల్లెల సంఘాలు అతనివే. పింఛను కాగితాలకు అతనే. తాగొచ్చి కొట్టే మొగుడికీ, తలుపేసుకున్న పెళ్లానికీ మధ్య అతనే. సమాధి దగ్గర అతనే. జ్వరమొచ్చినవాణ్ణి పట్నం తీసుకుపోవడానికి అతని మోటారు సైకిలే. వీటన్నిటికన్నా ముందు, మంచం కింద ఉన్న పలకలన్నీ చదవాలి. మొదట పది. తర్వాత యాభై. ఇప్పుడు నూట నలభై మూడు. ఒక్కటి కూడా వదలకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు.

పదకొండు రోజుల కిందట, గురువారం తెల్లవారుజామున, ఏడు పలకలు మిగిలి ఉండగా కూర్చున్నచోటే కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఎండెక్కింది. గుమ్మంలో ఎవరో పిలుస్తున్నారు. ఆ ఏడూ తర్వాత చూసుకుందామని వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి గనిలో పై పొర జారింది. రాతిముక్కలు ఏరడానికి దిగిన సువార్తమ్మ దాని కింద పడింది. మొగుడు లేని మనిషి. సలోమి అని ఒక్కతే కూతురు.

సాయంత్రం ఇంటికొచ్చి ఫిలేమోను ఆ ఏడు పలకలూ చూశాడు. నాలుగోది సువార్తమ్మది. పైన ఆమె పేరు, దాని కింద ఇలా ఉంది. "అయ్యా, గనిలో దిగాలంటే భయంగా ఉంది. నా కోసం ప్రార్థన చెయ్యండి."

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఒంగోలు ఆసుపత్రిలో ఆమెకు ఒక ఆపరేషను అయింది. ఈరోజు పదింటికి రెండోది. ఆశలు పెట్టుకోవద్దని డాక్టర్లు ముందే చెప్పారు. ఆమె పోతే తెల్లంగీ విప్పి సంఘ పెద్దల ముందు పెట్టి, ఊరొదిలి వెళ్లిపోవాలని ఫిలేమోను నిశ్చయించుకున్నాడు. చంపినవాడు ప్రసంగం ఎలా చెబుతాడు?

ఈరోజు తెల్లారేసరికి పలకలు సగం కూడా కాలేదు. ఆసుపత్రి వరండాలో మిగతావి పూర్తి చేద్దామని అన్నిటినీ రెండు గోతాల్లో సర్ది, బండికి చెరో పక్క కట్టుకుని బయలుదేరాడు. దారిలో ఒక మలుపు దగ్గర కళ్లు మూతపడ్డాయి. లారీ హారను విని తెరిచేసరికి బండి రోడ్డు దిగి కంపచెట్లలో ఉంది. అక్కడికి దగ్గర్లోనే సత్యానందం అయ్యగారి ఇల్లు. బండి నడిపించుకుంటూ అక్కడికి చేరాడు.

ముసలాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు గనిలో పనిచేసినవాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. వాక్యం గుడిలో నేర్చుకున్నాడు గానీ మాట గనిలోనే నేర్చుకున్నాడు.

"ఏందిరా ఆ గోతాలు? గనినే ఎత్తుకొచ్చావా?"

"ప్రార్థన పలకలయ్యగారూ."

"తుడవలేదేం?"

"మనసు రాలేదండీ."

"ఎన్నాళ్లవి?"

"నాలుగేళ్లవి."

ముసలాయన భార్య సుగుణమ్మ బయటికొచ్చింది. "ముందు కూర్చోనియ్యండి పిల్లాణ్ణి. మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో. ఉప్మా తిందువు రా నాయనా."

"టైం లేదమ్మగారూ. పదింటికి సువార్తమ్మకు ఆపరేషను. నేను అక్కడుండాలి."

"ఇంకా ఏడు కాలేదు. ఆ గోతాలు ఇటు తీసుకురా" అన్నాడు ముసలాయన.

తెచ్చి దించాడు. ముసలాయన మూతులు విప్పి, పలకల్ని వరండా నిండా పరిచాడు. కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. ఒకటి తీసి కళ్లద్దాల దగ్గర పెట్టుకున్నాడు.

"'మా గేదె తప్పిపోయింది.' ఇది దొరికిందా?"

"ఆ వారమే దొరికిందండీ. నిరుడు అమ్మేశారు."

"అమ్మేసిన గేదె కోసం రోజూ చీకటితో లేస్తున్నావు." ఇంకొకటి తీశాడు. "'మా పెద్దదానికి సంబంధం కుదరాలి.'"

"కుదిరింది. పెళ్లి నేనే చేశాను. కొడుకు కూడా పుట్టాడు."

సుగుణమ్మ కిసుక్కున నవ్వింది. "వాడికి కూడా సంబంధం కుదిరేదాకా ఉంచుకో నాయనా!"

ఫిలేమోను నవ్వలేదు. గోడ గడియారం వంక చూశాడు.

"'మా నాయనకు దగ్గు తగ్గాలి.'"

ఫిలేమోను చూపు తిప్పుకున్నాడు.

"పోయాడా?"

"నిరుడు మట్టల ఆదివారం ముందు."

"సమాధి చేసింది నువ్వేగా?"

"నేనే."

"మరి ఎవరి దగ్గు తగ్గిస్తున్నావురా?"

ఈసారి సుగుణమ్మ కూడా నవ్వలేదు. ముసలాయన పలక కింద పెట్టి, వరండా అంతా ఒకసారి చూశాడు.

"అందరివీ ఉన్నాయి గానీ ఒకటి తక్కువైంది. ప్రభువు పేరున ఒక పలక పెట్టలేదేం? లోకాన్నంతా నువ్వు చూసుకుంటుంటే ఆయన్నెవరు చూసుకుంటారు? నువ్వొక పూట కునుకు తీస్తే ఆయన కింద పడిపోడూ?"

"కునుకు తీశానయ్యగారూ!" ఫిలేమోను అరిచాడు. ఆ అరుపుకు అతనే అదిరిపోయాడు. "కునుకు తీశాను. అందుకే ఆమె మీద బండ పడింది. పొద్దున్నే ఆమె పలక చదివి ఉంటే... 'నా కోసం ప్రార్థన చెయ్యండి' అని రాసింది... భయంగా ఉందని రాసింది... నేను నిద్రపోయాను!"

పదకొండు రోజులు లోపల దాచుకున్నది ఒక్కసారిగా బయటపడింది. సుగుణమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రోడ్డు మీద ఒక బస్సు పోయింది.

"ఆమె పలక ఏది?"

ఫిలేమోను చొక్కా లోపలినుంచి తువ్వాలు మూట తీశాడు. ఆ ఒక్కదాన్ని మాత్రం గోతంలో వేయలేదు. విప్పి ఇచ్చాడు. ముసలాయన నెమ్మదిగా చదివాడు.

"సుగుణా, చెంబుతో నీళ్లు, ఒక గుడ్డముక్క పట్రా."

తెచ్చింది. ముసలాయన గుడ్డ ముంచి, పిండి, పలక పైఅంచున పెట్టాడు. ఒక్కసారి గీశాడు. సువార్తమ్మ పేరు పోయింది. గని పోయింది.

ఫిలేమోను దూకి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. కాళ్ల కింద రెండు పలకలు పెళ్లుమన్నాయి.

"వద్దు! ఆమె ఇంకా బతికే ఉంది. వద్దయ్యగారూ!"

"చెయ్యి వదులు."

"వదలను. మిగతావన్నీ తుడిచేయండి. ఇది ఒక్కటి ఉంచండి."

"మిగతావి నాకెందుకు? నిన్ను నలిపేస్తోంది ఇదే."

ఫిలేమోను పట్టు ఇంకా బిగిసింది. ముసలాయన లాక్కోలేదు. ఆ మూడు వేళ్ల చేతిని అలాగే ఉంచాడు.

"నా గుండె రాయనుకున్నావు కదూ?"

ఫిలేమోను తల దించుకున్నాడు.

"మా కొడుక్కి మెదడువాపు వచ్చినప్పుడు వాడి పేరూ పలక మీద రాశాం. ఈ చేత్తోనే తుడిచాను. మూడో రోజు పోయాడు. తుడిచినందుకు పోయాడేమో, మీ అమ్మగారిని అడుగు."

సుగుణమ్మ ఒంగి, విరిగిన పలక ముక్కల్ని ఏరి, ఫిలేమోను కాళ్లకు గుచ్చుకోకుండా పక్కకు పెట్టింది. లేస్తూ అతని వీపు మీద చెయ్యివేసి, తీసేసింది.

పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే సడలాయి.

ముసలాయన మళ్లీ తుడవలేదు. గుడ్డని ఫిలేమోను చేతిలో పెట్టాడు. పలకని అతని ఒళ్లో పెట్టాడు. కుర్చీలో వెనక్కి వాలి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

పలక మీద కింది సగం మిగిలింది. "భయంగా ఉంది. నా కోసం ప్రార్థన చెయ్యండి." ఎవరు రాశారో ఇప్పుడు దాని మీద లేదు.

ఎండ వరండా మెట్టెక్కింది. గడియారం ఎనిమిది కొట్టింది. ఫిలేమోను కదల్లేదు. తడిగుడ్డ నీళ్లు మోచేతిదాకా కారి ఆరిపోయాయి. చివరికి, ఆదివారం గుడిలో చదివినట్టు, ఆ మిగిలిన సగాన్ని పైకి చదివాడు. "ప్రభువా" అన్నాడు. నాలుగేళ్లుగా రోజూ గంటల కొద్దీ ప్రార్థించినవాడికి ఆ ఒక్క మాట తప్ప ఏమీ దొరకలేదు.

గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచి తుడిచాడు.

పలక నల్లగా, తడిగా, ఖాళీగా ఉంది. దాన్ని గోడకు ఆనించాడు. తనూ పక్కనే గోడకు ఆనుకున్నాడు. బండి తీయాలి, ఆసుపత్రికి పోవాలి అనుకుంటూనే ఉన్నాడు. తల పక్కకు వాలింది.

ఎక్కడో ఫోను మోగుతోంది. అది తన జేబులోనే అని తెలుస్తోంది. ఎవరో మెల్లగా దాన్ని తీశారు.

"సలోమి" అంది సుగుణమ్మ గొంతు. "వాళ్లమ్మని ముందుగానే లోపలికి తీసుకెళ్తున్నారంట. అయ్యగారెక్కడ అని ఏడుస్తోంది."

"నేను వస్తున్నానని చెప్పు. పక్కన కూర్చోవడానికి ఒక మనిషి చాలు."

"ఆ మోకాళ్లతో బస్సెక్కుతారా? అబ్బాయిని లేపుదాం."

ఫిలేమోనుకు అంతా వినబడుతోంది. లేవాలనుకున్నాడు. పదకొండు రోజులుగా ఏ చిన్న చప్పుడుకైనా గుండె ఝల్లుమనేది. ఇప్పుడు అనలేదు. కర్ర నేలమీద ఆనిన చప్పుడు, చెప్పులు తొడుక్కున్న చప్పుడు, పలకల మధ్య జాగ్రత్తగా దారి చూసుకుంటున్న అడుగుల చప్పుడు. ఆ అడుగులు తన దగ్గర ఒక క్షణం ఆగాయి.

"లేపకు. ఆమె దగ్గర కునుకు తీయనివాడు ఒకడు మేలుకునే ఉన్నాడు. వీణ్ణి పడుకోనియ్."