పొట్లం కట్టినంతసేపు

"ఖాళీగా ఉన్న రెండు నిమిషాలు ఫోను చూసుకుంటే ఎవరికేం నష్టమండీ, గురువుగారూ?" అని మురహరి ఒకరోజు నిలదీసినంత పని చేశాడు.

బెజవాడ వన్‌టౌనులో వైద్యం చేసే సోమశంకరంగారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకి అడిగిన పూట జవాబు చెప్పరు. అడిగినవాడు దాన్ని మరిచిపోయాక, ఏ వారానికో పదిరోజులకో, ఏదో ఒక పని మీద పంపిస్తారు. జవాబు ఆ దారిలో ఎదురవుతుంది. ఆ రోజు కూడా కళ్ళజోడు పైకి తోసుకుని, "కషాయం పొంగుతోంది, దించు" అని ఊరుకున్నారు.

మురహరి మాటలో న్యాయం లేకపోలేదు. ఆయుర్వేద కళాశాలలో పట్టా పుచ్చుకుని, నాడి చూడటం నేర్చుకుందామని ఆయన దగ్గర చేరి ఏడాదయింది. పనిదొంగ కాడు. పని ఉన్నంతసేపూ ఫోను ముట్టడు. పని లేనప్పుడు మాత్రం ఊళ్ళో అందరిలాగే చూస్తాడు: లిఫ్టు కిందికి దిగేలోగా, ఎర్రలైటు పచ్చబడేలోగా, టీకొట్టువాడు గ్లాసు అందించేలోగా. ఈ కాలంలో పట్నపు మనిషిని ఊరికే నిలబడమంటే ఎర్రటి ఎండలో నిలబెట్టినట్టు గిలగిల్లాడతాడు. మురహరి ఒక్కణ్ణే అని ఏం లాభం? ఈ కథ చెబుతున్నవాడి జేబులోనూ ఒకటుంది.

అసలు చిక్కు పొట్లాల దగ్గర మొదలైంది. సోమశంకరంగారు చూర్ణాన్ని కాగితంలో పోసి, మడతలు పెట్టి, పైన నూలుదారం చుట్టి ముడి వేసి ఇస్తారు. ఆ ముడి ఒక పట్టాన పడదు. చుడతారు, విప్పుతారు, మళ్ళీ చుడతారు. ఎదుట కూర్చున్న రోగి ఏదో మాట్లాడుతూనే ఉంటాడు. నలభై ఏళ్ళుగా పొట్లాలు కడుతున్న చేతికి ఇంత తడబాటేమిటో మురహరికి అంతుపట్టలేదు. వయసు మీద పడింది కాబోలని జాలిపడి, తనే పోయి జిప్పు కవర్ల కట్ట ఒకటి కొనుక్కొచ్చాడు. పొడి పొయ్యడం, నొక్కడం, చేతిలో పెట్టడం.

"మనిషికి మూడు నిమిషాలు కలిసొస్తాయండీ" అన్నాడు ఉత్సాహంగా.

"రానీ" అన్నారాయన.

కలిసొచ్చిన మూడు నిమిషాలూ తిన్నగా ఫోనులోకి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత ఒక శుక్రవారం పొద్దున నాంచారమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల ఇస్త్రీ బండి ఆవిడది. కడుపులో మంట, రాత్రిళ్ళు నిద్ర లేదు. సోమశంకరంగారు నాడి చూసి, ఇవ్వవలసిన చూర్ణం పేరు మురహరికి చెప్పి, లోపల పొయ్యి మీద లేహ్యం పాకం ముదిరిపోతుందని లేచి వెళ్ళారు. మురహరి చిటికెలో వారానికి సరిపడా కవరు నింపి ఇచ్చాడు. "పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, గోరువెచ్చటి నీళ్ళతో" అని చెప్పాడు. ఆవిడ తలూపింది గాని లేవలేదు. కవరు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఇవ్వవలసింది ఇచ్చేశాం, చెప్పవలసింది చెప్పేశాం, ఇంక ఇది ఖాళీ సమయమే కదా అనుకున్నాడు మురహరి. ఫోను తీశాడు. అందులో ఎవరో పెనం మీద పెసరట్టు తిప్పుతున్నారు. పెసరట్టు అయ్యాక ఒక కుక్కపిల్ల చెప్పు ఎత్తుకుపోతోంది. నాంచారమ్మ గొంతు తగ్గించి ఏదో చెబుతోంది. మురహరి మర్యాదకి లోటు చేసే మనిషి కాడు. మధ్యమధ్య "ఊఁ" అన్నాడు. మాట ఆగినట్టనిపించగానే, తలెత్తకుండా, "మంచిదమ్మా" అన్నాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

"ఆవిడ ఏమంది?" అని సోమశంకరంగారు గరిటెతో బయటికి వచ్చి అడిగారు.

"ఏం లేదండీ, మందు తీసుకుని వెళ్ళింది."

"చాలాసేపు గొంతు వినబడింది."

"ఏవో ఇంటి సంగతులండీ" అన్నాడు మురహరి. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికి అప్పుడు తెలియలేదు.

మళ్ళీ శుక్రవారం నాంచారమ్మ రాలేదు. శనివారం సోమశంకరంగారు కవర్ల జోలికి పోకుండా కాగితంలో చూర్ణం పోసి, దారం చుట్టి, పొట్లం మురహరి చేతికిచ్చి, "ఎలా ఉందో కనుక్కురా" అని పంపించారు.

నాంచారమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసుకుంటోంది. అతన్ని చూడగానే గబగబా స్టూలు తుడిచింది.

"అయ్యో, నువ్వే వచ్చావా డాక్టరు బాబూ! మందు అక్కర్లేదయ్యా. ఆ రోజు నీకు చెప్పుకున్నాక నిద్ర పడతా ఉంది."

ఏం చెప్పారమ్మా అన్న మాట మురహరి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మా ఆయన పోయి నలభై రోజులు దాటింది గదా" అంది ఆవిడ, అతనికి అంతా తెలుసునన్నట్టుగా. "పోయే ముందు పూట నేను ఆయన్ని అన్న ఆ మాట, కొడుక్కి చెప్పలా, తోడబుట్టినదానికి చెప్పలా. గుండెల మీద కుంపటయిపోయింది. నీకు చెప్పా. నువ్వు ఛీ అనలా. ఊఁ కొడతా అంతా విన్నావు, ఫోనులో రాసుకున్నావు, ఆఖర్న మంచిదమ్మా అన్నావు. ఇంత చదువుకున్నోడు విని కూడా ఆ మాట అన్నాడంటే, నేను మరీ అంత పాపిష్టిదాన్ని కాదేమోలే అనుకున్నా. ఆ రాత్రే కన్ను మూతపడింది."

మురహరి సిగ్గుతో చితికిపోయాడు. ఆవిడ అన్న మాట ఏమిటో అతనికి తెలియదు. మొగుడు పోయాడన్న సంగతే ఇప్పుడు తెలిసింది. పెసరట్టు మాత్రం గుర్తుంది, అంచులు ఎర్రగా కాలాయి. కుక్కపిల్ల గుర్తుంది, చెప్పు రంగుతో సహా.

"ఒక్క సాయం చెయ్యి బాబూ" అని నాంచారమ్మ దగ్గరికి వచ్చింది. "నువ్వు రాసుకున్నావే, అది తుడిచెయ్యి. వైద్యానికి కావాల్సినన్నాళ్ళు ఉంచుకున్నావు, సరే. రేపు ఎట్టనో నా కొడుకు చెవిన పడితే నేను తట్టుకోలేను."

అతను ఫోను బయటికి తీశాడు. తుడవడానికి అందులో ఏముంది? ఆవిడకి చదువు రాదు. అయినా మెడ చాచి, ఊపిరి బిగబట్టి, తన బతుకంతా అందులోనే ఉన్నట్టు ఆ అద్దంలోకే చూస్తోంది. మురహరి ఎదురుగా కనబడ్డ ఏదో బొమ్మ మీద వేలు పెట్టి నొక్కాడు. బొమ్మ మాయమైంది.

"పోయిందా?"

"పోయిందమ్మా."

నాంచారమ్మ మసిచేతులు రెండూ జోడించింది. "ఇంతమంది జనంలో వినే దిక్కు లేదయ్యా. నువ్వొక్కడివే విన్నావు."

ఆ దణ్ణం తప్పించుకోవడానికి మురహరికి చోటు దొరకలేదు. పొట్లం బండి మీద పెట్టేసి, ఏదో పని ఉందని గొణిగి, వచ్చిన దారి మరిచిపోయి రెండు సందులు ఎక్కువ తిరిగి వైద్యశాలకి చేరాడు.

సోమశంకరంగారు పొట్లాలు కడుతున్నారు. మురహరి కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాడు, పెసరట్టుతో సహా. తర్వాత, "మీకు అబద్ధం చెప్పానండీ. ఆవిడకీ చెప్పాను. ఆవిడ అన్నదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, ఇంక అడిగే మొహం లేదు" అన్నాడు.

ఆయన దారం చుట్టారు, విప్పారు, మళ్ళీ చుట్టారు. మురహరి ఆ వేళ్ళకేసే చూస్తూ నిలబడ్డాడు. వాటిలో తడబాటు ఎక్కడా లేదని అప్పుడు కనబడింది. ఆ ముడి ఇంకా పడలేదు కాబట్టి అతనికి ఇంకొక్క మాట కూడా వచ్చింది.

"ఇప్పుడే వెళ్ళి నేనేమీ వినలేదని నిజం చెప్పేస్తానండీ. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

సోమశంకరంగారు ముడి బిగించారు.

"చెబితే నిద్ర నీకు పడుతుంది" అన్నారు. ఆ తర్వాత దారం ఉండ అతని వైపు దొర్లించి, "బయట బెంచీ మీద ఎవరో కూర్చున్నారు, లోపలికి పిలువు" అన్నారు.